పీఎస్5 కొనాలా, పీసీ కట్టించాలా? మన ఊళ్లో ఆడేవాళ్లకు నా సలహా

"అన్నా, పీఎస్5 తీసుకోవాలా, పీసీ కట్టించాలా?" అని మా చుట్టాల పిల్లల దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటు అతని దాకా అడుగుతూనే ఉంటారు. పీఎస్5 అంటే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి ఆడే కన్సోల్. నేను ముందు బడ్జెట్ అడగను. రాత్రి ఎన్నింటికి ఆడతావు, ఏ గదిలో ఆడతావు, ఆ గదిలో ఇంకెవరు పడుకుంటారు, ఈ మూడు అడుగుతాను. టెరాఫ్లాప్‌లు, రే ట్రేసింగ్, 120 ఫ్రేములు, ఇవన్నీ మెషీన్ ఎంత బలమైందో చెబుతాయి, అంతవరకే. వారంలో దాన్ని ఎన్నిసార్లు ఆన్ చేస్తావో డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు. నాది చిన్నప్పటి పిచ్చి. క్యాసెట్ గుచ్చి టీవీకి తగిలించే గేమ్ దగ్గర మొదలై, మన హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ పార్లర్లలో గంటకింతని డబ్బులిచ్చి టెక్కెన్ 3, అమీర్‌పేట నెట్ కేఫుల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6, ఇంట్లోకి కంప్యూటర్ వచ్చాక వైస్ సిటీ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ఇలా ఏ కాలంలో ఏది దొరికితే అది ఆడుతూ వచ్చాను, ఇప్పుడు ఉద్యోగం, సంసారం మధ్యలోనూ ఆడుతున్నాను. ఇన్నేళ్లలో గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒక్కటే. మన ఇంటి వేళలకు, మన ఇంటి గదులకు సరిపడేదే మంచి మెషీన్. కింద చెప్పే పోలికలన్నీ ఆ లెక్కలోనే.

హాల్లో టీవీ ఎవరిది?

కన్సోల్ అనగానే హాల్లో పెద్ద టీవీ ముందు సోఫాలో కూర్చుని ఆడటమే అందరికీ గుర్తొస్తుంది. మన ఇళ్లలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ టీవీ అమ్మ సీరియళ్లది, ఏప్రిల్ మే నెలల్లో నాన్న చూసే సన్‌రైజర్స్ మ్యాచ్‌ది. అది వాళ్ల హక్కు, దానికోసం ఇంట్లో గొడవ పడకూడదు. వాళ్లు పడుకున్నాక పదిన్నరకి హాల్లో ఆడదామంటే సౌండ్ పెట్టలేం, లైటు వేయలేం, పక్క గది తలుపు కింద నుంచి వెలుగు పోతుంటుంది. అందుకే ఉమ్మడిగా ఉండే ఇంట్లో కన్సోల్ కొనేవాళ్లకు నేను చెప్పేది, టీవీ సంగతి మర్చిపోయి బడ్జెట్‌లోనే ఒక 24 లేదా 27 అంగుళాల మానిటర్ కలుపుకోండి, దాన్ని మీ గదిలో టేబుల్ మీద పెట్టుకోండి. పీఎస్5 మొదట్లో 1440పీ (ఫుల్ హెచ్‌డీకి, 4కేకి మధ్య స్పష్టత ఉన్న) మానిటర్లకు సరిగా పనికొచ్చేది కాదు, 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తో ఆ సౌకర్యం ఇచ్చారు కాబట్టి ఇప్పుడు 4కే మానిటరే కొనాలన్న ఒత్తిడి లేదు. చాలా మానిటర్లలో స్పీకర్లు ఉండవు, ఉన్నా పేరుకే. హెడ్‌ఫోన్స్‌ను కంట్రోలర్‌కే గుచ్చుకోవచ్చు, రాత్రి ఆడేవాళ్లకు ఎలాగూ అదే కావాలి.

టీవీకే పెడతానంటే ఒక్క పని మాత్రం చేయండి. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మను సాఫు చేయడానికి టైమ్ తీసుకుంటుంది, మీరు బటన్ నొక్కాక తెర మీద కదలడానికి ఆలస్యమవుతుంది. గేమ్ కష్టంగా ఉందనుకుని వదిలేసేవాళ్లలో కొందరి సమస్య నిజానికి ఇదే. ఇక టీవీ ఎవరో చూస్తున్నప్పుడు కూడా ఆడాలంటే పీఎస్5లో రిమోట్ ప్లే ఉంది. ఇంట్లో వైఫై బాగుంటే ఫోన్‌లోనో పాత ల్యాప్‌టాప్‌లోనో అదే గేమ్ నడుస్తుంది. దానికోసమే చేసిన పోర్టల్ అనే చేతి మెషీన్ కూడా మన దేశంలో అమ్ముతున్నారు. నిదానంగా నడిచే కథ గేమ్‌లకు ఇది బాగా పనికొస్తుంది, ఫైటింగ్ గేమ్‌లకు మాత్రం పనికిరాదు.

కరెంటు, ఎండ, దుమ్ము

బయటి దేశాల వాళ్లు చేసే పోలిక వీడియోల్లో ఈ మాటే రాదు. మనకు మాత్రం ఇది పెద్ద మాట. ఏప్రిల్‌లో ఈదురుగాలితో వాన వచ్చిందంటే ఏదో ఒక కాలనీలో చెట్టు విరిగి తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. అప్పుడు ఏ మెషీన్ ఏం చేస్తుంది? పీఎస్5ను రెస్ట్ మోడ్‌లో పెట్టి పడుకుంటే గేమ్ ఎక్కడ ఆగిందో ఆ స్థితి ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే అది పోతుంది, చివరిసారి సేవ్ చేసిన చోటుకు వెనక్కి వెళ్లాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోళ్లు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ఎక్స్‌లలో ఉండే క్విక్ రెజ్యూమ్ ఆ స్థితిని ఎస్ఎస్‌డీ అనే స్టోరేజీలో రాసి పెడుతుంది, ప్లగ్ పీకేసి మళ్లీ పెట్టినా గేమ్ దాదాపు ఆగిన చోటనే తెరుచుకుంటుంది. రాత్రి ముప్పావు గంట మాత్రమే దొరికేవాడికి ఇది ఎంత పెద్ద సౌకర్యమో నాకు తెలుసు. నా దృష్టిలో ఎక్స్‌బాక్స్‌కు ఉన్న అసలు గొప్పతనం ఇదే, గేమ్ పాస్ (నెలనెలా కట్టి బోలెడు గేమ్‌లు ఆడే చందా) గురించి జనం మాట్లాడినంతగా దీని గురించి మాట్లాడరు.

పీసీ అయితే ఆడుతుండగా కరెంటు పోతే నేరుగా ఆఫ్. యూపీఎస్ లేకుండా గేమింగ్ పీసీ పెట్టొద్దు. దుకాణాల్లో పీసీతో పాటు అంటగట్టే 600 వీఏ యూపీఎస్ ఆఫీసు కంప్యూటర్‌కు సరిపోతుంది గానీ గేమ్ నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, మానిటర్ అన్నీ కలిసి లాగే లోడుకు చేతులెత్తేస్తుంది. 600 వీఏ అంటే చాలా మోడళ్లలో 360 వాట్లే. 1000 వీఏ పైన చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందనుకోండి, దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు తిప్పి చూడండి, మామూలు మోడ్‌లో కరెంటు మారే వ్యవధి ఎక్కువ, ఆ లోపల పీసీ రీస్టార్ట్ అయిపోతుంది.

ఎండ సంగతి కూడా అంతే. మే నెలలో పై అంతస్తు గదిలో మధ్యాహ్నం ఆడటం మెషీన్‌కు, మనిషికి ఇద్దరికీ మంచిది కాదు. కన్సోల్‌ను టీవీ షెల్ఫ్‌లో అద్దం తలుపుల వెనక పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి తీసి బయట పెట్టండి, వెనక జానెడు జాగా వదలండి. మెట్రో పనులో, అపార్ట్‌మెంట్ కట్టడాలో, ఏదో ఒక దుమ్ము మన ఊళ్లో ఎప్పుడూ ఉంటుంది. కొన్ని నెలలకొకసారి గాలి రంధ్రాల దగ్గర దుమ్ము తీయండి. డెస్క్‌టాప్‌లో ఈ పని చాలా సులువు, పక్క ప్లేటు విప్పితే అంతా కనిపిస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో కష్టం, ఫ్యాన్లు చిన్నవి, అడుగున ఉంటాయి, మంచం మీద దుప్పటి మీద పెట్టి ఆడితే ఊపిరాడదు. ల్యాప్‌టాప్ మీద నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. హాస్టల్లో, పీజీలో ఉండేవాళ్లకు, నెలకోసారి ఊరికి వెళ్లొచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గేమింగ్ ల్యాప్‌టాప్ సిఫార్సు చేయను. ఒకే పేరున్న గ్రాఫిక్స్ చిప్ కూడా ఒక ల్యాప్‌టాప్‌లో ఎక్కువ వాట్లతో, ఇంకోదానిలో తక్కువ వాట్లతో నడుస్తుంది, ఆటలో తేడా బాగా తెలుస్తుంది. కొనేటప్పుడు ఆ వాట్ల సంఖ్య అడగండి, చెప్పలేకపోతే ఆ మోడల్ వివరాల పేజీ తెరిచి చూపించమనండి.

పీసీ కట్టించేవాళ్లకు

పీసీ కట్టించాలంటే మనకు సికింద్రాబాద్ పార్క్ లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే ఆటోవాళ్లకు కూడా తెలుసు. ఆన్‌లైన్‌లో ధరలు చూసుకుని, ఒక కాగితం మీద రాసుకుని, రెండు మూడు షాపులు తిరగండి. మొత్తం కలిపి ఎంత అని అడగొద్దు, ఒక్కో వస్తువు ధర విడిగా రాయించుకోండి. మొత్తంగా అడిగితే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు మంచివే పెట్టి, డబ్బు మిగిల్చుకునేది ఎస్ఎంపీఎస్‌లో (పీసీకి కరెంటు అందించే పెట్టెలో), మదర్‌బోర్డులో. ఎస్ఎంపీఎస్ మీద ఎప్పుడూ రాజీ పడకూడదు, పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్నది, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డుకైతే 550 వాట్లది చాలు. ఆ కార్డు 115 వాట్లే లాగుతుంది, 750 వాట్ల ఎస్ఎంపీఎస్ తప్పనిసరి అని ఎవరైనా అంటే వినక్కర్లేదు. జీఎస్టీ బిల్లు మీ పేరు మీద, అందులో సీరియల్ నంబర్లు రాసి ఉండాలి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఆ తగ్గింపు వద్దు, రెండేళ్ల తర్వాత కార్డు పోతే వారంటీ కోసం ఆ కాగితమే కావాలి.

ఖర్చు విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 స్లిమ్ 2024లో 54,990 రూపాయలకు వచ్చింది. అదే తరహా బొమ్మతో ఆడించే పీసీ కట్టించాలంటే మానిటర్, కీబోర్డు, మౌస్ కాకుండానే 70 వేలు సులువుగా దాటుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన లెక్కలు పట్టుకుని షాపుకు వెళ్తే టెన్షనే. మరి పీసీ ఎందుకు? చదువుకో పనికో కంప్యూటర్ ఎలాగూ కావాల్సినవాళ్లకు ఆ డబ్బులో సగం అవసరానికి పెట్టినట్టే లెక్క. స్టీమ్ అనే పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణంలో 2015 చివర్నుంచి రూపాయల్లోనే ధరలు ఉన్నాయి, సేల్ వచ్చినప్పుడు మంచి గేమ్‌లు కొన్ని వందల్లో దొరుకుతాయి. కొన్నాక రెండు వారాల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు, ఇది కన్సోల్ స్టోర్లలో ఇంత సులువుగా లేదు. ఎపిక్ స్టోర్‌లో ప్రతి వారం ఏదో ఒకటి ఉచితంగా ఇస్తారు, 2020 మే నెలలో జీటీఏ 5 కూడా ఇచ్చారు. ఆన్‌లైన్‌లో ఆడటానికి నెలనెలా కట్టేది ఏమీ లేదు. పీఎస్5లో డబ్బు పెట్టి కొన్న గేమ్‌ను స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ అనే చందా కట్టాలి, ఉచిత గేమ్‌లకు మాత్రం అక్కర్లేదు.

ఇంకో కారణం నాకు సొంతది. పాత గేమ్‌లు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వచ్చింది 1999లో, ఈ రోజుకీ నేను ఆడుతున్నాను, అదీ కొత్తగా. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది, 2022లో భారతదేశం మీద ఒక విస్తరణ వచ్చింది, అందులో ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు అని విడివిడి రాజ్యాలున్నాయి. స్కూల్లో ఉన్నప్పుడు బ్రిటన్లనో టర్కులనో ఎంచుకుని ఆడిన గేమ్‌లో ఇప్పుడు మన దక్షిణాది సైన్యాన్ని నడపడం ఎంత బాగుంటుందో ఆడినవాళ్లకే తెలుస్తుంది. ఇలాంటి గేమ్‌లు మౌస్‌తోనే ఆడాలి. కంట్రోలర్‌తో ఆడే ఏర్పాటు కూడా చేశారు, మంచి ప్రయత్నమే, కానీ వంద మంది సైనికుల్ని బొటనవేలితో నడపడం నా చేతికి రాలేదు, రావాలన్న కోరికా లేదు. స్ట్రాటజీ గేమ్‌లు, షూటింగ్ గేమ్‌లు ఇష్టమైతే ఇక ఆలోచించక్కర్లేదు, పీసీనే. కౌంటర్ స్ట్రైక్ 2కు ముంబై, చెన్నైలలో సర్వర్లున్నాయి, వాలొరంట్‌కు ముంబైలో ఉంది, ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉండి కేబుల్ నేరుగా పీసీకి గుచ్చితే పింగ్ (మీరు నొక్కింది సర్వర్‌కు చేరి తిరిగి రావడానికి పట్టే సమయం) గురించి బాధ ఉండదు. వైఫై మీద ఆడి ల్యాగ్ వస్తోందని ప్లాన్ పెంచుకోకండి, ముందు ఒక లాన్ కేబుల్ కొనండి. స్పీడు పెరిగినంత మాత్రాన పింగ్ తగ్గదు.

డిస్క్ ఉన్నదే తీసుకోండి

పీఎస్5లో డిస్క్ ఉన్నదా, డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్‌దా అంటే నేను రెండో ఆలోచన లేకుండా డిస్క్ అంటాను. 2024లో స్లిమ్ వచ్చినప్పుడు రెండింటికీ పది వేల తేడా ఉండేది, అది చూసి చాలామంది డిజిటల్ వైపు మొగ్గారు. కొత్తగా వచ్చిన పెద్ద గేమ్ ఐదు వేల దగ్గర ఉంటుంది. డిస్క్ కొని, కథ పూర్తిచేసి, నెల రోజుల్లో మూడు వేలకు అమ్మగలిగితే ఆ గేమ్ మీకు పడింది రెండు వేలే. అలా నాలుగైదు గేమ్‌లకు డ్రైవ్ డబ్బు వచ్చేస్తుంది. మన ఊళ్లో దీనికి మంచి వీలుంది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ వైపు సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనే, అమ్మే, మార్చుకునే షాపులు చూడొచ్చు, ఓఎల్ఎక్స్‌లో కూకట్‌పల్లిలోనో మణికొండలోనో ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు. మెట్రో స్టేషన్ దగ్గర కలుసుకుని డిస్క్ తీసుకోవడం, ఇచ్చేటప్పుడు ఆ చివరి బాస్‌ను (గేమ్‌లో ఎదురయ్యే పెద్ద శత్రువును) ఎలా కొట్టారో రెండు నిమిషాలు మాట్లాడుకోవడం, ఇది నాకు చాలా ఇష్టమైన పని. ఇంట్లో అన్నదమ్ములో స్నేహితులో ఇద్దరికి పీఎస్5 ఉంటే ఒక్కో డిస్క్ ఇద్దరికీ పనికొస్తుంది. డిజిటల్ కొనుగోలు అమ్మలేం, ఎవరికీ ఇవ్వలేం.

డిస్క్ ఉన్నా డౌన్‌లోడ్ తప్పదు, ఆ విషయం ముందే తెలుసుకోండి. గేమ్‌లను సరిచేసే పాచ్‌లు పెద్దవి. బాల్డర్స్ గేట్ 3 లాంటిదైతే 150 జీబీ దాకా జాగా అడుగుతుంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో 100 జీబీ దిగడానికి రెండు గంటల పైనే పడుతుంది, పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు పెట్టి వెళ్లడం మంచి అలవాటు. స్లిమ్ మోడల్‌లో 1 టీబీ ఉంటుంది, మొదట వచ్చిన పీఎస్5లో 825 జీబీ అన్నారు, గేమ్‌లకు దొరికేది 667 మాత్రమే, సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు ఇది గమనించండి.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్క్ డ్రైవే లేదు. 2020 నవంబర్‌లో 34,990కి వచ్చినప్పుడు గేమ్ పాస్‌తో కలిపి చవకైన దారి అనిపించింది, నేను కూడా కొంతమందికి అదే చెప్పాను, అప్పుడు అది సరైన సలహానే. ఇప్పుడు గేమ్ పాస్ ధరలు బాగా పెరిగాయి, ఈ మెషీన్‌లో ర్యామ్ 10 జీబీ మాత్రమే కావడంతో కొత్త గేమ్‌లు దీనికోసం కుదించాల్సి వస్తోంది. బాల్డర్స్ గేట్ 3 దీనిమీద 2023 డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఒకే తెర మీద ఇద్దరు ఆడే సౌకర్యం లేకుండా వచ్చింది, చాలాకాలం తర్వాత గానీ అది ఇవ్వలేదు. స్కూలు పిల్లల కోసం, తక్కువ ధరలో సెకండ్ హ్యాండ్ దొరికితే ఇప్పటికీ మంచిదే, చిన్నది, కరెంటు తక్కువ తింటుంది. కొత్తది కొనడానికి మాత్రం చెప్పను.

పీఎస్5 ప్రో గురించి అడిగేవాళ్లకు చిన్న సమాధానం. 2024 నవంబర్‌లో బయటి దేశాల్లో వచ్చినప్పుడు మన దేశంలో అది అధికారికంగా విడుదల కాలేదు, అందులో వాడిన 6 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌కు అప్పుడు ఇక్కడ అనుమతి లేకపోవడమే కారణం. గ్రే మార్కెట్‌లో ఎక్కువ డబ్బు పెట్టి, వారంటీ లేకుండా తెచ్చుకోవడం నాకు నచ్చదు. నింటెండో స్విచ్ కూడా ఇక్కడ అధికారికంగా అమ్మరు, కాకపోతే దాని సంగతి కొంచెం వేరు, మారియో, జెల్డా ఇంకెక్కడా దొరకవు కాబట్టి దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే చుట్టం ఉంటే తెప్పించుకోండి, అమెరికా నుంచైతే ఛార్జర్ ఎన్ని వోల్టులకో చూసుకోండి.

చేతి మెషీన్లు, ఫోన్

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో గంట దాకా కూర్చునేవాళ్లు చేతిలో పట్టుకుని ఆడేది కొనాలా అని అడుగుతారు. కూర్చునేవాళ్లు అన్నాను చూడండి, అదే అసలు విషయం. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో నిలబడటానికే జాగా ఉండదు, అక్కడ అరకిలో పైన బరువున్న మెషీన్ తీసి ఆడలేరు. స్టీమ్ డెక్ చాలా మంచి మెషీన్, మన దేశంలో అధికారికంగా అమ్మకం లేదు. అసుస్ రాగ్ అలై 2023 జూలైలో ఇక్కడ 69,990కి వచ్చింది, సర్వీస్ ఉంది, కానీ ఆ మొదటి మోడల్ బ్యాటరీ 40 వాట్ అవర్లే, పెద్ద గేమ్ పెడితే రెండు గంటలు నిలవడం కష్టం. ఇవి నేను ఒక్క రకం వాళ్లకు చెబుతాను. పసిపిల్లలు ఉన్న తల్లిదండ్రులకు. బిడ్డ పక్కన పడుకుని నిద్రపుచ్చుతూ, లైటు లేకుండా, ఎప్పుడు ఏడిస్తే అప్పుడు బటన్ నొక్కి ఆపేసి లేవగలిగే మెషీన్ ఇంకోటి లేదు.

ఫోన్ గేమ్‌ల మీద నా మాట చాలామందికి నచ్చదు. బీజీఎంఐ స్నేహితులతో ఆడితే సరదానే, కాదనను. నాకు పడనిది రోజూ లాగిన్ అవ్వమని, ఈ వారంలోపు పూర్తి చేయకపోతే బహుమతి పోతుందని వెంటపడే గేమ్. ఆట నా ఖాళీ సమయంలోకి రావాలి, నా సమయాన్ని ఆట తన దగ్గర పెట్టుకోకూడదు. అందుకే డబ్బు ఒకసారి ఇచ్చి కొనే గేమ్‌లే ఆడతాను. పిల్లలకు ఫోన్ బదులు ఒక పాత కన్సోల్ కొనివ్వండి, ఎంతసేపు ఆడుతున్నారో ఇంట్లో అందరికీ కనబడుతుంది, నలుగురు కూర్చుని చూస్తారు, అక్కా తమ్ముళ్లు కలిసి ఆడతారు. ఇట్ టేక్స్ టూ అనే గేమ్ ఇద్దరు లేకుండా మొదలే కాదు. ఎప్పుడూ గేమ్స్ ముట్టని మా ఆవిడ నాతో కూర్చుని చివరిదాకా ఆడింది, మొదట్లో కెమెరా తిప్పడం రాక ఇబ్బంది పడేది, నాలుగో రోజుకి నాకు దారి చెప్పడం మొదలుపెట్టింది. భార్యాభర్తలకు నేను ముందు చెప్పే గేమ్ అదే.

ఎప్పుడు కొనాలి, ఎలా ఆడాలి

ఏ మెషీన్ అయినా గేమ్ వచ్చిన రోజే కొనే అలవాటు మానుకుంటే డబ్బూ మిగులుతుంది, మంచి గేమూ దొరుకుతుంది. సైబర్‌పంక్ 2077 సంగతి అందరికీ తెలుసు, 2020 డిసెంబర్‌లో బోలెడు లోపాలతో వచ్చింది, వారం రోజుల్లోనే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక అదే గేమ్ నేను ఆడిన గొప్పవాటిలో ఒకటి, అదీ చాలా తక్కువ ధరకు. ఏడాది ఆగండి. ప్రీ-ఆర్డర్ వద్దే వద్దు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు జీటీఏ 6 కావచ్చు, ఎందుకంటే అది వచ్చిన వారం ఆఫీసులో, ఇంటి గ్రూపుల్లో ఎవరో ఒకరు కథ చెప్పేస్తారు. ఇప్పటికి ప్రకటించిన ప్రకారం అది 2026 నవంబర్ 19న పీఎస్5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కు వస్తుంది, పీసీకి ఎప్పుడో చెప్పలేదు. దాన్ని చేసే రాక్‌స్టార్ వాళ్లు పీసీవాళ్లను కాయించడం కొత్త కాదు, జీటీఏ 5 కన్సోల్‌కు 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు ఏడాది పైన పట్టింది. ఆ ఒక్క గేమ్ కోసమే మెషీన్ చూస్తున్నవాళ్లు పీసీ కట్టించకండి.

నేను ఒకసారి ఒక్క గేమ్‌నే ఆడతాను, అది పూర్తయ్యాకే ఇంకోటి. మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం) ఆపేస్తాను, సబ్‌టైటిల్స్ పెడతాను, రాత్రి పూట శబ్దం తగ్గించి ఆడటానికి అవి తప్పనిసరి. ది విచర్ 3, రెడ్ డెడ్ 2 లాంటి వాటిలో మినీ మ్యాప్ తీసేస్తాను, అది ఉంటే కళ్లు మూలన ఉన్న చుక్క మీదే ఉంటాయి, చేసినవాళ్లు ఏళ్లు పట్టి గీసిన కొండలు, ఊళ్లు చూడనే చూడం. కష్టం స్థాయి విషయంలో మొహమాటం వద్దు. పని చేసి అలసిపోయి వచ్చి ఒకే బాస్ చేతిలో వారం రోజులు చావాలని ఎవరూ చెప్పలేదు, తగ్గించుకుని ఆడండి. ఎల్డెన్ రింగ్‌లో ఆ తగ్గించే బటన్ లేదు, కానీ ఎటైనా తిరిగి బలం పెంచుకుని రావచ్చు, అందుకే దాన్ని చేసిన కంపెనీ గేమ్‌ల్లో కొత్తవాళ్లకు నేను అదే ముందు చెబుతాను. గేమ్ పాస్, పీఎస్ ప్లస్ ఎక్స్‌ట్రా లాంటి చందాలు నెలకు మూడు నాలుగు గేమ్‌లు తిరగేసేవాళ్లకు లాభం. నాలాగా ఒక్కదాన్ని రెండు నెలలు ఆడేవాళ్లకు సెకండ్ హ్యాండ్ డిస్కే చవక.

ఇంతా చూశాక సూటిగా చెప్పమంటే, ఉద్యోగం చేస్తూ రాత్రిపూట గంట ఆడేవాళ్లు డిస్క్ పీఎస్5, సొంత గదిలో మానిటర్. చదువుకునేవాళ్లు డెస్క్‌టాప్, హాస్టల్ అయితేనే ల్యాప్‌టాప్. స్ట్రాటజీ పిచ్చి ఉన్నవాళ్లకు పీసీ తప్ప ఇంకోటి చెప్పను. నా దగ్గర రెండూ ఉన్నాయి, పీఎస్5 కథల కోసం, ఒక మామూలు పీసీ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ కోసం. ఆ పీసీ కార్డు పాతది, మార్చే ఆలోచన లేదు.

సెకండ్ హ్యాండ్ పీఎస్5 తీసుకునేవాళ్లు అమ్మేవాళ్ల ఇంటికే వెళ్లి టీవీకి పెట్టించి చూడండి. ఒక డిస్క్ మీ వెంట తీసుకెళ్లి డ్రైవ్ చదువుతోందో లేదో చూడండి. మీ అకౌంట్‌తో లాగిన్ అయి స్టోర్ తెరవండి, బ్యాన్ అయిన మెషీన్ అయితే అక్కడే తెలిసిపోతుంది. బరువైన గేమ్ ఒకటి పావుగంట నడిపించి ఫ్యాన్ శబ్దం వినండి. కంట్రోలర్ మీద బొటనవేళ్లతో తిప్పే పుల్లలు ముట్టుకోకుండా వదిలేసి తెర మీద ఏదైనా తనంతట తాను కదులుతోందేమో గమనించండి, కదిలితే డ్రిఫ్ట్ ఉన్నట్టు, కొత్త కంట్రోలర్ ధర ఎంతో అప్పుడే ఫోన్‌లో చూసి ఆ మేరకు తగ్గించమని అడగండి. బిల్లు ఉంటే సీరియల్ నంబర్ మెషీన్ మీద ఉన్నదానితో సరిచూసుకోండి, బిల్లు లేదంటే వారంటీ లేదనే లెక్కేసుకుని బేరం ఆడండి.